కాపురమా, మజిలీయా?

2016వ సంవత్సరము తరువాత కొన్నేండ్లపాటు శుక్రవారము సాయంకాలము బెజవాడ రైలు స్టేషనులో నిలుచుండి చూచినవారికి ఒక వింత కనబడుచుండెడిది. చేతిసంచులతోను, ఖాళీ క్యారియర్లతోను ఉద్యోగులు గుంపులు గుంపులుగా హైదరాబాదు బండి ఎక్కుచుండెడివారు. సోమవారము ఉదయము వారే నిండిన క్యారియర్లతో దిగుచుండెడివారు. "కాపురమెక్కడ?" అని యెవరైన నడిగినచో "కాపురము హైదరాబాదులో, ఉద్యోగ మిక్కడ" అని బదులు వచ్చుచుండెడిది. మేము నేడు విమర్శింపదలచిన విషయమంతయు ఆ యొక్క జవాబులో ఇమిడియున్నది.

రాజధానితోపాటు తరలివచ్చినవారి యిండ్లలో రెండు ప్రాంతముల జీవనమును పోల్చి చూచుట నిత్యకృత్యమైనది. అక్కడి రాత్రులు చల్లన, ఇక్కడ ఉక్కపోత. అక్కడ పెద్ద ఆసుపత్రులు, ఇక్కడ దోమలు. అక్కడ ఎవరి బ్రదుకు వారిది, ఇక్కడ ఇరుగుపొరుగువారికి అన్నియు కావలెను. ఈ పాట విని విని విసిగిన స్థానికులు "మన నీరు పడదట, మన మాట పడదట, జీతము మాత్రము పడునట" అని ఎత్తిపొడుచుచున్నారు. ఈ వాదములో ఇరుపక్షముల వారును సగము నిజమే పలుకుచున్నారు. మిగిలిన సగమును విచారించుటయే ఈ వ్యాసోద్దేశము.

ముందుగా వాస్తవమైన భేదములను ఒప్పుకొనవలెను. హైదరాబాదు సముద్రమట్టమునకు ఐదువందల మీటర్లకు పైని పీఠభూమిమీద నున్నది. పగటి యెండ యెంత తీవ్రమైనను రాత్రి కొంత ఊరట కలుగును. బెజవాడయో, సముద్రమునకు చేరువ పల్లపునేల. ఒకవంక నది, తక్కిన వంకల కాలువలు, నడుమ ఎండకు కాలిన కొండలు. గాలిలో తేమ, రాతిలో వేడి కలిసి వైశాఖ జ్యేష్ఠములలో మనిషిని ఉడికించును. తెల్లదొరలు ఈ యూరిని వేళాకోళముగా 'బ్లేజువాడ' అనిరన్న ప్రతీతి ఊరకనే పుట్టలేదు. నలుబది యేండ్లు పీఠభూమి గాలికి అలవాటుపడిన దేహమునకు ఈ ఉక్క దుస్సహమగుట సహజము. దానిని బడాయి యని పరిహసించుట న్యాయము కాదు.

అయినను నీటి సంగతి వేరు. బెజవాడ కడ 1852 మొదలు 1855 వరకు కట్టిన ఆనకట్ట వలన కృష్ణా డెల్టా అన్నపూర్ణ అయినది. దాని స్థానమున 1957లో ప్రకాశము బారేజి పూర్తియైనది. బందరు కాలువయు, ఏలూరు కాలువయు, రైవిస్ కాలువయు నేటికిని ఊరి నడుమనుండియే పారుచున్నవి. ఇక హైదరాబాదునకు చాలకాలముగా త్రాగునీటిలో పెద్ద పాలు నాగార్జునసాగరము నుండి గొట్టముల ద్వారా పోవుచున్న కృష్ణనీరే గదా! అంత దూరము గొట్టములో వచ్చినప్పుడు పడిన నీరు, నదీతీరమున పడకపోవుట యెట్లు? ఇక్కడ పడనిది నీరు కాదు, పరాయితనము అని మాకు తోచుచున్నది.

ఈ పరాయితనము ఎట్లు పుట్టినదో చూతము. 2014 జూన్ 2వ తేదీన రాష్ట్రము రెండైనది. పదేండ్లు మించకుండ హైదరాబాదు ఉమ్మడి రాజధానిగా నుండునని చట్టము చెప్పినది. ఆ గడువు 2024 జూన్ 2తో తీరినది. కాని 2016లోనే కార్యాలయములను వెలగపూడికిని, బెజవాడ గుంటూరులకును తరలించిరి. తరలివచ్చినవారి కష్టము నెరిగి ప్రభుత్వము వారమునకు ఐదు పనిదినములు చాలుననెను. హైదరాబాదు నుండి ప్రత్యేకముగా రైలు నడపించెను. ఇవి దయతో చేసిన యేర్పాటులే. మేము కాదనము. కాని ఒక్కమాట గమనింపుడు: ఈ సౌకర్యములన్నియు తిరిగిపోవుటను సులభము చేసినవే గాని, నిలిచియుండుటను సులభము చేసినవి కావు. రైలు వేసినంత త్వరగా బడులు వెలయలేదు. సెలవు దొరకినంత త్వరగా ఇండ్లు దొరకలేదు. మజిలీకి కావలసినవన్నియు సమకూరినవి. కాపురమునకు కావలసినవి వెనుకబడినవి.

దీని ఫలమును అనుభవించినవా రెవరు? ఐదు దినములు హోటలు భోజనముచేసి రెండు దినములు ఇల్లు చేరు గృహస్థు బాధను గురించి పత్రికలలో చాల వచ్చినది. ఆయన యిల్లాలిని గురించి వచ్చినది తక్కువ. మే మెరిగిన యొక యింటి సంగతి చెప్పెదము. భర్త వెలగపూడిలో గుమాస్తా. భార్య హైదరాబాదులో ఒక ప్రైవేటు పాఠశాలలో ఉపాధ్యాయిని. మంచము పట్టిన అత్తగారు, పదవ తరగతి చదువుచున్న కుమార్తె ఆమె పాలబడిరి. ఆదివారము రాత్రి ఆమె మూడు దినములకు సరిపడు పచ్చళ్లు, పొడులు, కూరలు డబ్బాలకెత్తి, సోమవారము తెల్లవారుజామున భర్తను బండి ఎక్కించి, తాను బడికి పోవుచుండెను. ఒకనాడు ఆయన బెజవాడ యెండను గూర్చి అరగంటసేపు వర్ణింపగా ఆమె విని, "మీకు ఊరొక్కటే మారిందండీ. నాకు ఊరు మారకుండానే ఇల్లు మారిపోయింది" అన్నదట. ఆ మాటకు ఆయనయొద్ద బదులు లేకపోయినది. మా యొద్దను లేదు.

బిడ్డల సంగతి మరియు చిక్కైనది. చదువులలోను కొలువులలోను 'స్థానికత' యను కొలబద్ద యున్నది. 2014 జూన్ 2 మొదలు మూడేండ్లలోపల తరలివచ్చినవారి బిడ్డలను ఆంధ్రప్రదేశములో స్థానికులుగా నెంచునట్లు 2016లో ఉత్తరువు వెలువడినది. ఆ గడువును తరువాత పలుమార్లు పొడిగించిరి. గడువు పొడిగినకొలది తండ్రులు నిర్ణయమును వాయిదా వేసిరి. వాయిదా పడిన ప్రతి యేడును బిడ్డ ఒక తరగతి పైకెక్కినది. తన స్నేహితురాండ్రను, తన బడిని, తన ఊరిని ఎప్పుడు విడువవలసివచ్చునో తెలియని బిడ్డకు చదువుపై నిలకడ యెట్లు కలుగును? ఆ బిడ్డ అభిప్రాయమును ఎవరైన అడిగిరా? మన యిండ్లలో కాపురము మార్చుటను గూర్చిన ఆలోచన మగవారి మధ్య జరుగును. మారుటవలని శ్రమ ఆడువారి మీదను పిల్లల మీదను పడును. సంస్కారమును గూర్చి గంటలకొలది ప్రసంగించు మన గృహములలోనే ఇది జరుగుచున్నది.

వలసవచ్చినవారిలోకెల్ల విచిత్రమైన తరగతి మరొకటి యున్నది. వారు అడుగు కదలకుండనే వలసపోయిరి. అమరావతి కొరకు 2015లో కృష్ణ దక్షిణతీరమున 29 గ్రామముల రైతులు ముప్పదిమూడు వేల యెకరములకు పైగా భూమి నిచ్చిరి. ఉండవల్లి, పెనుమాక వంటి యూళ్ల జరీబు భూములలో కూరగాయలు, పూలు, అరటి ఏడాది పొడవున పండుచుండెడివి. భూమి యిచ్చిన రైతునకు పదేండ్లపాటు యెకరమునకు ఏటేట కౌలును, అభివృద్ధి చేసిన స్థలమును చెల్లునని వాగ్దానము. భూమిలేని కుటుంబమునకు తొలుత నిర్ణయించినది నెలకు 2,500 రూపాయల పింఛను. కూరగాయలు కోసి, పూలు తెంపి, కలుపు తీసి దినదినము కూలి తెచ్చుకొను స్త్రీకి పని పోయినది. ఊరు మాత్రము ఉన్నచోటనే యున్నది. ఆమె యిల్లు మారలేదు, వీధి మారలేదు, కాని ఆమె బ్రదికిన దేశమే మారిపోయినది. నెలకు 2,500 రూపాయలనగా దినమునకు 84 రూపాయలైన కావు. రెండు నగరముల జీవనమును త్రాసులో వేసి తూచువారు ఈమెను ఏ తట్టలో వేయుదురు?

ఇక పాలకుల తప్పు. వలసవచ్చినవానిని కాపురముండుమని చెప్పవలసిన ప్రభుత్వమే మజిలీ చేసినది. కట్టిన సచివాలయమునకు 'తాత్కాలిక' మని పేరు పెట్టిరి. 2019 డిసెంబరులో రాజధానులు మూడు అను మాట శాసనసభలో వినబడినది. ఊళ్లలో దీక్షా శిబిరములు వెలసినవి. వానిలో స్త్రీలే ముందువరుసను కూర్చుండిరి. 2022 మార్చిలో ఉన్నత న్యాయస్థానము రాజధానిని అమరావతిలోనే నిర్మింపవలెనని తీర్పు చెప్పినది. 2024 తరువాత పనులు మరల సాగినవి. ఏ పక్షము మంచిదను చర్చ మాకిచట అక్కరలేదు. కాని ఐదేండ్లకొకసారి రాజధాని మారునేమోయను సందేహమున్నచోట ఎవడు ఇల్లు కట్టును? ఎవడు చెట్టు నాటును? సామాన్యుని చంచలుడని నిందించుటకు ముందు ప్రభువు తన నిలకడను చూపవలెను.

మనకు ఇది క్రొత్త కాదు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము ఏర్పడినప్పుడు కర్నూలులో కచేరీలు గుడారములలో నడచినవి. మూడేండ్లకే 1956 నవంబరులో మూటలు కట్టుకొని హైదరాబాదు చేరితిమి. ఆనాడు అక్కడికి పోయినవారును ఎండయనిరి, భాషయనిరి, తిండియనిరి. వారి బిడ్డలే నేడు ఆ యూరిని విడువలేక కన్నీరు పెట్టుచున్నారు. పీఠభూమి చల్లనిదగుటవలన కాదు. అక్కడ వారు కాపురము చేసిరి గనుక.

డెల్టావారికిని ఈ చరిత్రలో ఒక పాఠము కలదు. నిజాంసాగరము 1931లో పూర్తియైన తరువాత కృష్ణా గుంటూరు జిల్లాల రైతులు బోధను, వర్ని ప్రాంతములకు పోయి భూములు కొని 'క్యాంపులు' కట్టుకొనిరి. తుంగభద్ర కాలువలు వచ్చిన పిమ్మట సింధనూరు, గంగావతి వైపు అట్లే పోయిరి. మెట్టనేలను మాగాణి చేసిరి. అది వారి గొప్ప. కాని ఊరికి దూరముగా క్యాంపులలో వేరుగా నుండి, స్థానికుల సేద్యమును, మాటను చిన్నచూపు చూచినవారును వారిలో లేకపోలేదు. నేడు హైదరాబాదు నుండి వచ్చినవారు తమను చిన్నచూపు చూచుచున్నారని నొచ్చుకొను డెల్టావాసి, నాడు తనవారు చేసిన దానిని ఒకసారి తలచుకొనిన మేలు. పోయినచోట పెత్తనమును, వచ్చినవానిపై ఎగతాళియు ఒక్క చెట్టు కొమ్మలే.

మజిలీ బుద్ధివలన ఊరికి కలుగు నష్టము 2024 సెప్టెంబరులో కన్నులయెదుట కనబడినది. బుడమేరు గండ్లుపడి సింగునగరు మొదలగు పేటలను ముంచెత్తినది; అదే సమయమున బారేజి కడ కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులతో పారినది. పల్లపు పేటలలో అద్దె తక్కువ. బీదలును, చిన్న జీతగాండ్రును అచటనే చేరుదురు. ఏటి దారిలో ఇండ్లెట్లు లేచినవి, కట్టలు ఎందుకు బలహీనపడినవి అని వరదకు ముందు అడుగవలసినవా రెవరు? చదువుకొనినవారు, చట్టము తెలిసినవారు, దస్త్రములు చదువ నేర్చినవారు. అట్టివా రనేకులు తరలివచ్చినవారిలో నున్నారు. కాని శుక్రవారము బండి ఎక్కువానికి బుడమేరుతో నేమి పని? ఊరివారును వారిని అద్దె యిచ్చు బేరముగా చూచిరే గాని, పురపాలక విషయములలో తోడు రమ్మని పిలువలేదు. నష్టము ఇరువురిదియు నైనది.

కావున మా విమర్శ సారాంశ మిది. ప్రాంతముల మధ్య భేదములు నిజమైనవే. అవి గాలిలో, నేలలో, అలవాటులలో నుండును. కాని బ్రదుకు బాగోగులు వానిచేత మాత్రమే నిర్ణయింపబడవు. మనిషి ఒక యూరిలో కాపురమున్నాడా, మజిలీ చేసినాడా యనుదానిచేత ఎక్కువగా నిర్ణయింపబడును. ఒక యూరు మంచిదా యని అడుగవలసినది కారులో వచ్చి కారులో పోవు నధికారిని కాదు. తరలిపోవుటలో తన యిష్టము చెల్లనివారిని అడుగవలెను. ఆ ఉపాధ్యాయినిని, ఆ పదవ తరగతి బాలికను, పెనుమాక పూలతోటలో పని పోయిన కూలి స్త్రీని అడుగుడు. వారు బాగున్నచో ఊరు బాగున్నది.

తరలివచ్చిన సోదరులకు మా మనవి: ఉండదలచినచో కుటుంబముతో నుండుడు, ఉండజాలనిచో ఆ భారమును ఇల్లాలిమీదకు నెట్టి ఊరిని తిట్టకుడు. స్థానికులకు మా మనవి: అద్దె చీటితోపాటు పేరంటపు పిలుపును పంపుడు. 1911లోనే రామమోహన గ్రంథాలయమును నెలకొల్పుకొని, 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభను మొదటిసారి జరిపిన ఊరిది. పరస్థలములనుండి వచ్చినవారిని కూర్చుండబెట్టి వినుట దీనికి క్రొత్త కాదు.

ఆ గుమాస్తాగారి కుటుంబము ఇటీవల బెజవాడ చేరినది. అత్తగారు కాలధర్మము చెందిరి; కుమార్తె కళాశాలలో చదువుచున్నది. ఉక్క యెట్లున్నదని మేము ఆ యిల్లాలి నడిగితిమి. "ఉక్కే లెండి. కానీ ఇప్పుడు నలుగురం ఒకచోట కూర్చుని విసురుకుంటున్నాం" అన్నది. నలుగురెవరని యడుగగా, ప్రక్కింటి పిన్నిగారిని కలుపుకొని లెక్క చెప్పినది.