మానెడు నెయ్యి, ఒక హత్య

చావింట నవ్వు తగదన్నది లోకమర్యాద. అపరాధ పరిశోధక నవలకు ఆ మర్యాద వర్తించదని లిండ్సే డేవిస్ 1989లో వెలువరించిన ‘ది సిల్వర్ పిగ్స్’ రుజువు చేస్తుంది. క్రీ.శ. 70 నాటి రోము నగరంలో, అద్దె బకాయిపడి ఇంటి యజమాని మనుషులను తప్పించుకు తిరిగే ఫాల్కో అనే పరిశోధకుడు, సామ్రాజ్యపు వెండి ఎటు తరలిపోతున్నదో ఆరా తీస్తూ, శవం పక్కన నిలబడి కూడా చలోక్తులు మానడు. ఇటువంటి చారిత్రక నవలలను కాలక్షేపం బఠాణీల కింద జమకట్టడం పండితులకు అలవాటు. చరిత్రను గంభీరంగానే తలకెత్తుకోవాలని పదేపదే వాదించిన ఈ శీర్షికకూ ఆ పాపంలో వాటా ఉన్నది.

తెలుగులోనూ కాలక్షేపానికొకటి, గాంభీర్యానికొకటిగా తెనాలి–రేపల్లె రైలుమార్గానికి చెరొక కొసన చెరొక సంప్రదాయం కనిపిస్తుంది. 1926లో తెనాలిలో పుట్టిన కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్‌ను, అతని సహాయకుడు రాజును సృష్టించగా, ఆ నవలలు అద్దెపుస్తకాల దుకాణాల్లో అట్టలూడేదాకా చేతులు మారాయి. చివరి ఫారం, అంటే ఒకే కాగితం మీద అచ్చై మడతపడిన పుటల కట్ట, ఊడిపోయిన ప్రతి చేతికందిన పాఠకుడు హంతకుడెవరో తెలియక నిద్ర కాచుకొని, తెల్లవారగానే మరో దుకాణం వెతుక్కోవలసిందే. రేపల్లెలో న్యాయవాదిగా ఉన్న నోరి నరసింహశాస్త్రి 1949లో రాజరాజనరేంద్రుని కాలాన్ని తీసుకొని ‘నారాయణభట్టు’ వెలువరించారు. నోరివారిని బల్ల మీద పెట్టుకొని చదివిన ఇళ్లలోనే కొమ్మూరిని దిండు కింద దాచుకొని చదివారు.

బల్లకు దక్కిన గౌరవం న్యాయమైనదే గాని, చిన్న వస్తువుల విషయంలో చరిత్రకు ఎక్కువ జవాబుదారీ పడేది దిండు కింది నవలే. రాజుల కథలో వేయి దీపాలు వెలిగినా వాటిలో చమురు పోసినవాడెవడని ఎవరూ అడగరు. హత్యకథలో దీపం ఒక్కటే ఉన్నా, అది ఏ జామున ఆరిందన్న దాని మీద ఒకడి మెడ ఆధారపడి ఉంటుంది.

బాపట్ల భావనారాయణస్వామి గుడి వంటి ఆలయాల శాసనాల్లో అఖండదీపానికి, అనగా రేయింబవళ్లు ఆరకుండా వెలగవలసిన దీపానికి, పశువులను దానమిచ్చిన వివరాలు ఉంటాయి. ఆ మందను మేపే బోయ రోజుకు మానెడు చొప్పున నెయ్యి కొలిచి ఇవ్వాలి. ఒకనాటి కొలతలో గిద్దెడు తగ్గితే దీపం వేకువకు ముందే ఆరిపోతుంది. ఆ చీకటిలో ఎవరైనా చస్తే మొదటి అనుమానం బోయ మీదికే పోతుంది, నెయ్యి తాగిన పూజారి బొజ్జ మీదికి ఎవరి చూపూ పోదు. నవ్వు పుట్టేది అక్కడే, ఆనవాలు దొరికేదీ అక్కడే.

ఇటువంటి కథకు చోటూ ఉన్నది: వెలనాటి చోడులకు రాజధానిగా ఉండిన చందవోలు బాపట్ల–రేపల్లెల నడుమ ఇప్పటికీ ఉన్నది. బోయ, మానిక, దీపం సిద్ధంగా ఉన్నాయి కనుక, శవాన్ని తెనాలి రచయితలెవరైనా సమకూర్చాలి; చివరి ఫారం మాత్రం గట్టిగా కుట్టించాలి.