మంద కుక్క సంగటి

అనంతపురం జిల్లాలో ఏడాదికి కురిసేది 550 మిల్లీమీటర్ల చుట్టూ. అందుకే గొర్రెల మంద ఒకచోట నిలవదు. చేలో మంద కట్టినందుకు రైతులిచ్చే గింజలూ ఊరూరికీ మారతాయి: ఇక్కడ రాగులు, అవతల జొన్నలు. మనిషి సర్దుకుంటాడు. కళ్యాణదుర్గం వైపు నేను చూసిన కాపరి కుక్కకు మాత్రం కడుపు సున్నితం.

దాని సంగటి ఆయనే చేస్తాడు. ఎసరు మరిగాక నూకలు పోసి మెత్తబడనిస్తాడు. పిండిని కలపకుండా మధ్యలో కుప్పగా వేసి, కట్టెతో నాలుగైదు బొక్కలు పొడిచి మూత పెడతాడు. ఆ బొక్కల గుండా ఆవిరి ఎక్కి లోపలి పొడి పిండి కూడా ఉడుకుతుంది. అప్పుడు పాదాలతో కుండను అదిమిపట్టి గడ్డ లేకుండా గెలుకుతాడు.

ఇంత ఉడకబెట్టడానికి కారణముంది. పిండిని కరిగించే అమైలేజ్ కుక్క లాలాజలంలో దాదాపు ఉండదు; ఆ పనంతా క్లోమానిదే. పిండి రేణువు వేడినీట్లో ఉబ్బి పగిలితేనే దానికి పని సులువు. తోడేలుకు ఈ ఎంజైమ్ జన్యువు రెండు ప్రతులే ఉంటే, కుక్కలకు 4 నుంచి 30 దాకా ఉంటాయని 2013లో స్వీడన్ పరిశోధకులు చూపారు. మనిషి గింజ పక్కన బతికినందుకు వచ్చిన ఆస్తి అది.

అసలు నేర్పు గింజ మార్చేటప్పుడు కనిపిస్తుంది. ఊరు వదిలే ముందే పాత పిండి ఒక సంచిలో దాచుకుంటాడు. కొలత కొబ్బరి చిప్ప, పూటకు నాలుగు. మొదటి రెండు మూడు రోజులు పాతది మూడు, కొత్తది ఒకటి. తర్వాత సగం సగం. ఆపైన ఒకటికి మూడు. మజ్జిగా, వేళా మారవు. ఉల్లిపాయ తగలనివ్వడు. ఉడికించిన గుడ్డు పెట్టాలన్నా కొత్త గింజ కుదురుకున్నాకే.

"ఒగేసారి మారిస్తే కడుపు ఒప్పుకోదు సార్" అన్నాడు. పేగుల్లోని సూక్ష్మజీవులు కొత్త మేతకు సర్దుకోవడానికి రోజులు పడుతుంది. పశువైద్యులు చెప్పే వారం, పది రోజుల లెక్కే ఆ చిప్పల్లో ఉంది. రెండు మార్పులు ఒకేసారి రాకపోవడంతో, విరేచనం పల్చబడితే దేనివల్లో వెంటనే తెలుస్తుంది.

వేరుశనగ జిల్లా కదా, చెక్క పెట్టరా అని అడిగాను. తల అడ్డంగా ఊపాడు. పంట చివర్లో బెట్ట తగిలితే కాయకు బూజు పట్టి అఫ్లటాక్సిన్ చేరవచ్చు. మామూలుగా ఉడకబెడితే ఆ విషం పోదు, కుక్క కాలేయం దాన్ని తట్టుకోలేదు.

మర్నాడు తెల్లారగానే, గొర్రెలను లెక్కపెట్టకముందే, కుక్క వెళ్లొచ్చిన పొద దగ్గరికి నడిచి చూసొచ్చాడు. గట్టిగానే ఉందట. ఆ సాయంత్రం కుండలో రెండో చిప్ప జొన్నపిండి పడింది.