మచ్చ అడుగున జరిగే పని

ముఖం మీది గుంటమచ్చ ఎదురు వెలుగులో పెద్దగా కనిపించదు. ఫ్లాష్ వేసి తీసిన ఫొటోలో దాదాపు మాయమైపోతుంది. అదే కిటికీ పక్కన కూర్చున్నప్పుడు, సాయంత్రం ఎండ చెంప మీద ఏటవాలుగా పడినప్పుడు, గుంట అంచున నీడ చేరి మచ్చ ఉన్నదానికన్నా లోతుగా కనిపిస్తుంది. మెదక్ చర్చిలో రంగుటద్దాల కిటికీల మీది బొమ్మలు బయట ఎండ ఉన్నప్పుడే తేటపడతాయి. వెలుగు ఎటునుంచి వస్తోందన్నది ఎంత ముఖ్యమో ఈ ఊరివాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. గుంటమచ్చలు సరిచేసే మంచి సర్జన్లు కూడా ఆ వెలుగుతోనే మొదలుపెడతారు. రోగిని పడుకోబెట్టకుండా నిటారుగా కూర్చోబెడతారు. పైలైటు తీసేసి, పక్కనుంచి వెలుగు పడేలా చూసి, సన్నటి పెన్నుతో ఒక్కో గుంట చుట్టూ గీత గీస్తారు. పడుకుంటే చెంపలు వెనక్కి జారి గుంటల రూపు మారిపోతుంది. మత్తు సూది వేశాక వచ్చే వాపులో ఉన్న గుంటలు కూడా కనిపించవు. కాబట్టి సూది పట్టకముందు గీసిన ఆ గీతలే ఆపరేషన్ అంతటికీ దారి చూపిస్తాయి.

అందం కోసం చేయించుకున్న ఆపరేషన్ గుంటను మిగిల్చితే ఆ బాధ వేరు. పుట్టుమచ్చ తీయించుకున్నచోట, ముక్కు సరిచేయించుకున్నాక ముక్కుపుటాల మధ్య స్తంభం మీద, గడ్డం కింద కొవ్వు తీయించుకున్నచోట ఇలాంటివి పడుతుంటాయి. ప్రమాదంలో తగిలిన దెబ్బ మచ్చను చూసి నలుగురూ జాలిపడతారు. కోరి చేయించుకున్న ఆపరేషన్ మచ్చకు మాత్రం "ఎవరు చేయించుకొమ్మన్నారు?" అన్న ప్రశ్నే ఎదురవుతుంది. అప్పటికే ఒక డాక్టరు మీద నమ్మకం పోగొట్టుకుని వచ్చిన మనిషి, గట్టిపడిపోయిన చర్మం, తప్పటడుగుకు చోటులేని ముఖం. ఇన్నిటి మధ్య మళ్లీ చెయ్యి పెట్టడానికి ఒప్పుకునే సర్జన్ నేర్పును దగ్గరగా చూస్తే గౌరవం కలుగుతుంది.

గుంట పైకి ఒకేలా కనిపించినా దాని కారణాలు నాలుగైదు ఉంటాయి. పుట్టుమచ్చను మరీ లోతుగా కాల్చినా, చెక్కినా చర్మం అసలు పొర పోయి గిన్నెలాంటి పల్లం మిగులుతుంది. కుట్లు వేసేటప్పుడు గాయం అంచులు లోపలికి మడతపడితే సన్నటి గాడి పడుతుంది. లోపలి మచ్చపీచు కింద కండరాన్ని పట్టుకుంటే, నవ్వినప్పుడల్లా చర్మం లోపలికి లాక్కుపోతుంది. కొవ్వు ఎక్కువగా తీసేస్తే చర్మం బాగానే ఉన్నా దాని కింద ఆసరా ఉండదు. ఉబ్బిన మచ్చ తగ్గడానికి వేసిన స్టెరాయిడ్ ఇంజక్షన్ మోతాదు మించినా, పక్కకు పోయినా ఆ చోట చర్మం, కొవ్వు పలచబడి సొట్టపడుతుంది.

అందుకే మొదటి పరీక్ష వేళ్లతో జరుగుతుంది. డాక్టరు గుంటకు రెండువైపులా చర్మాన్ని మెల్లగా సాగదీస్తారు. సాగదీస్తే గుంట పోతే కింద ఆసరా తగ్గిందని అనుకోవచ్చు. పోకపోతే ఏదో దాన్ని పట్టి ఉంచింది, లేదా చర్మమే గట్టిపడింది. తర్వాత మచ్చను రెండు వేళ్ల మధ్య పట్టి అటూ ఇటూ కదిపి చూస్తారు. "కొంచెం నవ్వండమ్మా, ఇప్పుడు బుగ్గలు పూరించండి, మింగండి" అంటారు. కదలని ముఖంలో దాక్కున్న అతుకు కదిలే ముఖంలో బయటపడుతుంది. ఈ నాలుగు నిమిషాల పరీక్ష సరిగా జరగకపోతే ఎంత ఖరీదైన యంత్రం పెట్టినా ఫలితం ఉండదు. పరుపుకు టాకా వేసినచోట గుంట పడుతుంది కదా. ఎంత దూది కూరినా చుట్టూ ఉబ్బుతుందే తప్ప ఆ గుంట పైకి రాదు, దారం తెంపాల్సిందే. అతుక్కుపోయిన మచ్చలోకి ఫిల్లర్, అంటే గుంటను నింపే మందు, ఎక్కిస్తే సరిగ్గా అదే జరుగుతుంది.

ఆ దారం తెంపే పనికి సబ్‌సిషన్ అని పేరు. న్యూయార్క్ చర్మవైద్యులైన తండ్రీకొడుకులు నార్మన్, డేవిడ్ ఒరెంట్రైక్ 1995లో ఈ పద్ధతిని వివరిస్తూ వ్యాసం ప్రచురించారు. వాడే పనిముట్టు చూడ్డానికి మామూలు ఇంజక్షన్ సూదే. నోకార్ అనే రకానికి మొన దగ్గర చిన్న బ్లేడు ఉంటుంది, లావు 18 గేజ్, అంటే మిల్లీమీటరు కన్నా కాస్త ఎక్కువ. పైన కోత ఉండదు, సూది దిగిన చుక్క తప్ప.

ఆ సూది గుంటలోకి నేరుగా దిగదు. అడ్రినలిన్ కలిపిన మత్తుమందు ఎక్కించి, చర్మం తెల్లబడేదాకా కొన్ని నిమిషాలు ఆగుతారు. రక్తనాళాలు ముడుచుకున్నాయనడానికి అది గుర్తు. గుంటకు కాస్త దూరంలో, ముఖం ముడతలో కలిసిపోయేచోట సూది లోపలికి వెళ్తుంది. అక్కడినుంచి దాని దారి చర్మానికి సమాంతరం. కుడిచెయ్యి సూదిని నడిపిస్తుంటే ఎడమచేతి వేళ్లు చర్మాన్ని చిటికెడు పైకెత్తి పట్టుకుంటాయి. మొన కంటికి కనిపించదు, అది ఎక్కడుందో చెప్పేవి ఆ వేళ్లే. మొదట ముందుకీ వెనక్కీ, తర్వాత విసనకర్ర విప్పినట్టు పక్కలకు కదుపుతారు. పీచులు తెగుతుంటే చేతికి గరగర తెలుస్తుంది, ఒక్కోసారి చిన్న చప్పుడూ వినిపిస్తుంది. అడ్డులేకుండా సూది జారడం మొదలైందంటే అతుకు విడిపోయినట్టే.

ఇదంతా జరిగేది చర్మం అడుగుకూ కొవ్వుకూ మధ్య ఉన్న సన్నటి పొరలో. మొన పైకొస్తే చర్మానికి చిల్లు పడుతుంది. లోతుకు జారితే నరాలు, రక్తనాళాలు ఉన్నాయి. దవడ అంచు దగ్గర పెదవి కిందికి దించే నరం, కణత దగ్గర కనుబొమను పైకెత్తే నరం ఉంటాయి. వాటిలో ఏది దెబ్బతిన్నా గుంట కోసం వచ్చిన మనిషి మూతి వంకరతోనో, లేవని కనుబొమతోనో తిరిగి వెళ్లాల్సి వస్తుంది. అనుభవమున్న సర్జన్ చెయ్యి ఆ చోట్లకు రాగానే నెమ్మదిస్తుంది.

సూది బయటికి తీశాక వేసే ఒత్తిడిలో ఇంకో సొగసైన నేర్పు ఉంది. పీచులు తెగినచోట కొద్దిగా రక్తం చేరుతుంది. దాన్ని పూర్తిగా పిండేయకూడదు. విడిపోయిన పొరలు మళ్లీ అతుక్కోకుండా అడ్డుగా నిలిచేది అదే, కొత్త కొలాజెన్ పేరుకోవడానికి ఆధారం అయ్యేదీ అదే. ఎక్కువ చేరితే గడ్డ కడుతుంది. అందుకని గుంట అంచుల చుట్టూ గట్టిగా, నడుమ తేలిగ్గా అదిమి పెడతారు. శరీరం కార్చిన రక్తాన్నే మందులా వాడుకోవడం నాకు ఈ పనిలో అన్నిటికన్నా అబ్బురంగా తోస్తుంది. కమిలిన నలుపు వారం పది రోజులుంటుంది. సాధారణంగా ఒకసారితో సరిపోదు, నెల దాటాక చూసి మళ్లీ చేస్తారు.

ఆసరా పోయిన గుంటకు వేరే వైద్యం కావాలి. పొట్ట నుంచో తొడ నుంచో తీసిన సొంత కొవ్వును అక్కడ నింపుతారు. ఈ ఆలోచన పుట్టిందే గుంటమచ్చ కోసం. 1893లో జర్మనీ సర్జన్ గుస్తావ్ నాయ్‌బర్ ఒక యువకుడి కంటి దగ్గర అతుక్కుపోయిన మచ్చను విడదీసి, అతని చేతినుంచి తీసిన కొవ్వు ముక్కలు పెట్టాడు. చిన్న ముక్కలే నిలుస్తాయని అప్పుడే గమనించాడు. వంద ఏళ్ల తర్వాత న్యూయార్క్‌లో సిడ్నీ కోల్‌మన్ ఆ గమనికను ఒక క్రమశిక్షణగా మార్చాడు. మొద్దు మొన ఉన్న గొట్టంతో కొవ్వును మృదువుగా తీయడం, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి నూనెనూ నీటినీ వేరుచేయడం, గొట్టాన్ని వెనక్కి లాగుతూ ఒక్కో దారిలో మిల్లీలీటరులో పదోవంతు లేదా ఇంకా తక్కువ వదలడం. ఇంత పిసినారితనం ఎందుకంటే, పెట్టిన కొవ్వుకు మొదటి రోజుల్లో సొంత రక్తనాళాలుండవు. చుట్టూ ఉన్న కణజాలం నుంచి ఊరి వచ్చేదే దానికి ఆహారం. ముద్దగా పెడితే నడుమ ఉన్నది చచ్చి గడ్డ అవుతుంది. సన్నటి ధారలుగా, వేర్వేరు లోతుల్లో పెడితే బతుకుతుంది. అయినా కొంత కరిగిపోతుంది, ఎంతన్నది మనిషిని బట్టి మారుతుంది. ఆ మాట ముందే చెప్పే డాక్టరును నమ్మవచ్చు.

గాడిలాంటి మచ్చకు మళ్లీ కోసి కుట్టడమే దారి. ఇక్కడ నాకు బాగా నచ్చినది మొదటి ప్రపంచయుద్ధం ముగుస్తున్న 1918లో ఫ్రాన్స్‌లో పులార్ అనే వైద్యుడు రాసిన ఉపాయం. పాత మచ్చను కోసి పారేయకుండా, దాని పైపొరను మాత్రం గీకి తీసేసి, రెండువైపుల చర్మాన్నీ విడదీసి తెచ్చి మచ్చ మీద కలిపి కుట్టడం. ఏ మచ్చ ముఖాన్ని పాడుచేసిందో అదే అడుగున దిండుగా నిలిచి గుంటను పైకెత్తుతుంది. చర్మం అంచులు కలిపేటప్పుడు అవి కొంచెం పైకి ఉబ్బేలా కుట్టాలి. మానే మచ్చ కిందికి కుంగుతుంది కాబట్టి, ఇవాళ చదునుగా కుట్టింది రేపు గాడి అవుతుంది. బరువు మోసేది లోపల కరిగే కుట్లు. పైన వేసే 6-0 దారం మందం మిల్లీమీటరులో పదోవంతు కూడా ఉండదు. అది అంచులను సరిగా కూర్చడానికే. దాన్ని ఐదారు రోజుల్లో తీసేస్తారు, లేకపోతే కుట్ల గుర్తులు పడతాయి. మూడువారాల గాయానికి మామూలు చర్మం బలంలో దాదాపు ఐదోవంతే వస్తుంది. లోపలి కుట్లు వారాల తరబడి ఆసరా ఇవ్వాల్సింది అందుకే.

ఎప్పుడు చెయ్యి పెట్టకూడదో తెలియడం కూడా పనితనమే. స్టెరాయిడ్ వల్ల పడ్డ సొట్ట చాలామందిలో నెలలు గడిచేకొద్దీ దానంతటదే పూడుతుంది. తొందరపడి ఫిల్లర్ నింపితే తర్వాత అది ఉబ్బుగా మిగలవచ్చు. కొత్త మచ్చ ఏడాది దాకా మెత్తబడుతూ, రంగు మారుతూ ఉంటుంది. మన చామనఛాయ చర్మంలో లేజర్ వేడికి నల్లమచ్చలు త్వరగా పడతాయి. కాబట్టి తక్కువ వేడితో, ఎక్కువ విరామంతో నడిపే డాక్టరు మన చర్మాన్ని ఎరిగినవారు. కుటుంబంలో కెలాయిడ్లు, అంటే గాయం హద్దు దాటి ఉబ్బే మచ్చలు, ఉన్నాయా అని ముందు అడిగి, ఉంటే కోత మానేసే డాక్టరు ఇంకా ఎరిగినవారు.

రూపం సరిచేయడం వైద్యంలో చివరి విలాసమన్న అభిప్రాయం మన పాతవాళ్లకు లేదు. సుశ్రుత సంహిత వ్రణానికి చెప్పిన ఏడు ఉపక్రమాల్లో, అంటే చికిత్సల్లో, ఆఖరిది వైకృతాపహం, వికారాన్ని పోగొట్టడం. చికిత్సాస్థానంలో అరవై ఉపక్రమాల లెక్కలోనూ లోతుపడిన వ్రణాన్ని పైకి తెచ్చే ఉత్సాదనం, ఉబ్బినదాన్ని దించే అవసాదనం, మానినచోటికి చర్మం రంగు తెచ్చే కృష్ణకర్మ, పాండుకర్మ ఉన్నాయి. గాయం మూసుకోగానే వైద్యుడి బాధ్యత తీరిపోదని ఆ వరస చెబుతోంది. "ఎవరు చేయించుకొమ్మన్నారు?" అని అడిగేవాళ్లకు ఇంతకన్నా పాత జవాబు అక్కర్లేదు.

మెదక్ నుంచి హైదరాబాద్‌కు దాదాపు వంద కిలోమీటర్లు. ఉస్మానియా, గాంధీ, నిమ్స్ ఆస్పత్రుల్లో ప్లాస్టిక్ సర్జరీ విభాగాలున్నాయి. ఈ వైద్యం ఒక్క ప్రయాణంతో తీరేది కాదు కాబట్టి, బయల్దేరేముందు ఇంట్లో ఒక పని చేసుకోవాలి. ఒకే కిటికీ దగ్గర, ఒకే వేళ, పక్క వెలుగులో మచ్చను ఫొటో తీసి ఉంచుకోవాలి. నవ్వుతూ ఒకటి, నవ్వకుండా ఒకటి. డాక్టరును అడగాల్సినవి మూడు: ఈ గుంట దేనివల్ల పడింది, దీన్ని ఏది పట్టి ఉంచింది, ఎంతవరకు సర్దుకుంటుంది. మొదటి రెండింటికీ వేళ్లతో తడిమి చూశాక జవాబిచ్చి, మూడోదానికి "పూర్తిగా పోతుంది" అనకుండా "ఇంత తగ్గుతుంది" అని చెప్పే మనిషి దొరికితే, ఆ చేతుల్లో ముఖం పెట్టవచ్చు.