శంబూకుని నుండి సూతుని దాకా: విద్యాధికార ప్రశ్న

ఉత్తరకాండలో శూద్రుడైన శంబూకుడు తపస్సు చేసినందుకు రాముని చేతిలో హతుడవుతాడు. త్రిపురనేని రామస్వామి చౌదరి ‘శంబూకవధ’ (1920) నాటకంలో ఈ వృత్తాంతాన్ని ఆర్య, ద్రావిడ జాతుల సంఘర్షణగా మలిచారు. తపస్సును ఉన్నతవిద్యగా గ్రహిస్తే, ధర్మం నిరాకరించిన అర్హతను జాతివాదం తిరిగి కోరడం ఇందులో కనిపిస్తుంది. డబ్లిన్‌లో న్యాయవిద్య చదివిన ఈ కవి తెనాలిలోని తన నివాసానికి ‘సూతాశ్రమం’ అని పేరు పెట్టడం ఈ వాదానికి కొనసాగింపే. శంబూకుడు సాధన చేసినందుకు మరణించినవాడు. సూతుడు ప్రతిలోమజాతుడై కూడా నైమిశారణ్యంలో ఋషులకు పురాణం వినిపించినవాడు. అధ్యయనాధికారం ఇక్కడ అధ్యాపనాధికారమైంది. అయితే ‘ద్రావిడ’ పదం శూద్రులకూ పంచములకూ నడుమ ఉన్న అంతరాన్ని కప్పివేస్తుంది. ఆ అంతరాన్ని జాషువ ‘గబ్బిలం’ (1941) బయటపెట్టింది. కనుక ఈ రెండు కృతులనూ కలిపి బోధించినప్పుడే విద్యాధికార చర్చ సమగ్రమవుతుంది.