గ్రద్దకు దిక్కెవరు?

సంక్రాంతి వెళ్ళి వారము గడచినను మా వీధి వేపచెట్టు కొమ్మలకు మాంజాదారములు వ్రేలాడుచునే యున్నవి. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే దేశమంతటను నిషేధించిన ఆ నైలాను దారమునకు మన అంగళ్ళలో ఏ యేటను కొఱత కలిగినట్లు కానరాదు. కనుమ మఱునాడు ఆ దారములలో ఒక గ్రద్ద చిక్కుకొని తలక్రిందుగా వ్రేలాడుచుండగా, వీధిలోని పడుచువాండ్రు నిచ్చెన వేసి, దారము కోసి, దానిని దింపిరి. అంతవఱకు అంతయు సవ్యముగనే జరిగినది. నాకు చిరాకు పుట్టించిన కథ అక్కడినుండి ఆరంభమైనది.

దాని గాయమునకు వైద్యము కోరి ఫోను చేయగా ఒక కార్యాలయమువారు అడవిపక్షిని తాము ముట్టరాదనిరి. రెండవవారు, ముట్టవచ్చునుగాని అందులకు తగిన అధికారి సెలవులో నున్నాడనిరి. మూడవవారు, మొదటివారి కాగితము లేనిదే చేర్చుకొనమనిరి. ఈ శీర్షికను వదలక చదువువారికి కాగితములపై నాకు గల ప్రాతపగ తెలియనిది కాదు. రేషనుకార్డు మొదలుకొని మరణధ్రువపత్రము వఱకు నేను ఆడిపోసికొనని కాగితము లేదు. కావున ఆ పూట నా నోటినుండి వెడలిన మాటలను వారే ఊహించుకొందురు గాక.

ఈలోపల వీధిలోని దయాళువులు ఊరకుండలేదు. ఒక యిల్లాలు గాయముపై పసుపద్దినది. వేఱొకరు చెంచాతో పాలు తెచ్చి, ముక్కు విప్పి పోయబోయిరి. మఱియొకరు గిన్నెలో పెరుగన్నము పెట్టి, తినదేమని నొచ్చుకొనిరి. ఎలుకలను, చేపతలలను తిని బ్రతుకు గ్రద్దకు పెరుగన్నము! శిబిచక్రవర్తి పావురమునకు అభయమిచ్చుటతో తృప్తిపడక, దానిని తఱుముకొని వచ్చిన డేగ యేమి తినునో కూడ విచారించినాడు. మన కరుణకు ఆ రెండవ విచారము అలవడలేదు. పక్షికి నాలుక మొదటనే శ్వాసరంధ్ర ముండుటచే బలవంతముగా పోసిన పాలు కడుపులోనికి గాక ఊపిరితిత్తులలోనికి పోవుననియు, కడుపు చేరినను దానికి పాలు జీర్ణము గావనియు చెప్పి, ఆ చెంచాను తప్పించుటకు చిన్న యుద్ధమే చేయవలసివచ్చినది.

పక్షి నోట ఏదియు పోయరాదని నాకు మొదట నేర్పినది ఏ గ్రంథమును గాదు. మా యూరి సంతలో పిట్టలమ్ముకొను ముసలివాడు. నా బాల్యములో ప్రతి సంతనాడును అతడు వెదురుబుట్టలో కౌజులను, గువ్వలను, గోరువంకలను పెట్టుకొని చింతచెట్టు క్రింద కూర్చుండెడివాడు. మఱ్ఱిపాలతో చేసిన బంకయు, వలయు, ఉచ్చులును అతని పనిముట్లు. వలలో ఱెక్క దెబ్బతిన్న పిట్టను అతడు పారవేయువాడు కాడు. పారవేసినచో ఆ పూట కూటికి నష్టము గదా. ముందుగా భుజముమీది తువాలును దానిపై గప్పును. కన్నులకు చీకటి కాగానే అది గింజుకొనుట మానును. పిమ్మట తువాలుతోనే రెండుచేతుల నెత్తి, ఱెక్కలను ఒడలికి చేర్చి, వ్రేళ్ళు రొమ్ముపై బిగియకుండ పట్టుకొనును. పిల్లలము మేము గుప్పిట బిగింపబోగా, "బిగబట్టకు బాబూ, రొమ్మాడకపోతే పేణం పోద్ది" అనెడివాడు. మనకు రొమ్మునకును కడుపునకును నడుమ ఊపిరి నాడించు పొర పక్షికి లేదనియు, దాని రొమ్మెముక కదలినప్పుడే గాలి లోనికి పోవుననియు నేను పెద్దవాడనైన పిమ్మట చదివితిని. అతని వ్రేళ్ళ కది చదువక మునుపే తెలిసియుండెను. దాహమునకు నోట నీరు పోయడు. తడివ్రేలితో ముక్కు ప్రక్కన ఒక చుక్క అంటించి, అది తానై చప్పరించువఱకు ఓపిక పట్టును. ఱెక్కను మడచి, గుడ్డపేలికతో ఒడలికి కలిపి చుట్టి, మూతగల బుట్టలో చీకటిలో నుంచును. పిట్ట చేతిలో నున్నంతసేపు తాను మాటాడడు, మమ్ము మాటాడనీయడు.

దయ యుండియు విద్య లేనిచోట ఏమగునో, విద్య యుండి దయ లేనిచోట ఏమగునో తూచుచుండగా నాకు ఢిల్లీ జ్ఞాపకము వచ్చినది. ఎఱ్ఱకోట కెదురుగా జైనులు నడపు పక్షివైద్యశాల లోకప్రసిద్ధము. కాని మాంసాహారులగు గ్రద్దలను అక్కడ ఉంచుకొనరు. గాయపడిన గ్రద్దను తీసికొనిపోయి అట్లు తిరిగివచ్చిన నదీమ్ షెహజాద్, మొహమ్మద్ సవూద్ అను సోదరులు, సబ్బునీటి పెట్టెలు తయారుచేసి బ్రతుకు తమ యింటి నేలమాళిగలోనే గ్రద్దలకు చికిత్స చేయ నారంభించిరి. వారిపై తీసిన 'ఆల్ దట్ బ్రీత్స్' అను చిత్రము 2022లో కాన్ ఉత్సవమున పురస్కారము నందినది. చేతిపని యెఱిగినవానికే కరుణ చేతికి వచ్చునని నేనెప్పుడును చెప్పు మాటకు ఇంతకంటె సాక్ష్య మేమి కావలెను? 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముతోను, దాని తరువాతి సవరణలతోను మా ముసలివాని వృత్తి నేరమైనది. వృత్తితోపాటు ఆ హస్తకౌశలమును అంతరించినది. చట్టము గెలిచినది, విద్య యోడినది అని వ్రాసి, కలము ప్రక్కన పెట్టదలచితిని.

పెట్టలేకపోతిని. ఆ ముసలివాడు కట్టిన ఱెక్కలలో ఒక్కటియైనను మరల ఎగిరినట్లు నాకు జ్ఞాపకము లేదు. ఎగురవలసిన అగత్యము అమ్మినవానికిని లేదు, కొన్నవానికిని లేదు. పక్షియెముక రెండుమూడు వారములలోనే అతుకుకొనును. వంకరగా అతికినదా, ఆ వంకర యిక తీరదు. సంతదాక బ్రతికించుట ఒక విద్య, ఆకాశమునకు తిరిగి యిచ్చుట వేఱొక విద్య. ఈ రెండవదానికి ఎముకను సరిగా చేర్చువాడు, మందు నెఱిగినవాడు కావలెను. పశువులకు నొప్పి తగ్గించు డైక్లోఫినాక్, ఆ పశువుల కళేబరములను తిన్న రాబందుల మూత్రపిండములను చెఱచి వాని జాతినే నాశనము చేయుచుండగా, 2006లో పశువైద్యమునుండి దానిని తొలగింపవలసివచ్చినది గదా! ఆవునకు ఔషధమైనది పక్షికి విషము కావచ్చును. కావున పక్షివైద్యము తనకు తెలియదను వైద్యుని నేను నిందింపను. ఎవరికి తెలియునో చెప్పనందులకే నిందింతును. అడవిప్రాణి చేతికి వచ్చిన 48 గంటలలోపల పోలీసుస్టేషనులోగాని, అధికారియొద్దగాని తెలుపవలెనని ఆ వన్యప్రాణి చట్టము 39వ విభాగమున నున్నది. దానిని అధికారుల పెత్తనమనుకొంటిని. గ్రద్ద రొప్పుట చూచిన పిమ్మట ఆ గడువే మిక్కిలి పొడవనిపించినది.

సాయంకాలమునకు ఒక జంతుసంరక్షణ సంఘమునుండి వచ్చిన అమ్మాయి, మాటాడకుండ, తువాలు గప్పి, గ్రద్ద నెత్తి, రంధ్రములు గల అట్టపెట్టెలో పెట్టి తీసికొనిపోయినది. ఆ సంఘమున్నదని చెప్పినవాడు ఇస్త్రీబండివాడు; ఏ కార్యాలయమును గాదు.

అందుచేత, పాఠకులారా, కాగితములను తిట్టి పొట్టపోసికొను నేనే ఈ వారము ఒక కాగితమును కోరుచున్నాను. ప్రతి పశువుల ఆసుపత్రి గోడమీదను, ప్రతి పంచాయతీ కార్యాలయపు తలుపుమీదను అది యుండవలెను. అందులో జిల్లాలో పక్షివైద్య మెఱిగినవారి ఫోను నంబరును, రాత్రివేళ పలుకు నంబరు నొకటియు ఉండవలెను. వాని క్రింద నాలుగే ముక్కలు: గుడ్డ గప్పి అట్టపెట్టెలో నుంచుడు, చీకటియు, నిశ్శబ్దమును ఇండు, నోట ఏమియు పోయకుడు, ఈకలు వచ్చీరాక నేలపై గెంతుచున్న పిల్లకు గాయము లేకున్న, తల్లి దగ్గఱనే యుండును, దానిని ముట్టకుడు. దానిపై ముద్ర యెవరు వేయవలెనను తగవు వచ్చినచో, ముద్ర లేకుండగనే అంటింపవచ్చును. మైదాజిగురు ఖర్చు నాది.