నోరు విప్పని ఇల్లు

‘చివరకు మిగిలేది’ నవలా నాయకుడు దయానిధి పేరెత్తగానే మన సాహిత్య సభల్లో హామ్లెట్ వస్తాడు, వెనకాలే ఫ్రాయిడ్ వస్తాడు. ఆ నవల రాసిన బుచ్చిబాబు ఇంగ్లీషు పాఠాలు చెప్పినవాడు, షేక్‌స్పియర్‌ని ఇష్టంగా చదువుకున్నవాడు. కాబట్టి ఆ పోలికలకు ఆధారం లేకపోలేదు. అయితే ఆ రెండు పేర్లూ చెప్పేసి మన విమర్శ చాలాకాలం చేతులు దులుపుకుంది. ఈ పుస్తకం రాసిన అమ్మాయి అలా సరిపెట్టుకోలేదు. దయానిధి డాక్టరు కాకముందు, కోమలినీ అమృతాన్నీ ప్రేమించకముందు, ఒక ఇంట్లో పెరిగిన పిల్లవాడు. ఆమె ఆ పిల్లవాడి దగ్గర మొదలుపెట్టింది. ముందుమాట రాయమని అడిగితే నేను సంతోషంగా ఒప్పుకున్నది అందుకే.

‘చివరకు మిగిలేది’ 1946–47లో ‘నవోదయ’ పత్రికలో ధారావాహికగా వచ్చింది. దయానిధి తల్లి గురించి నలుగురూ చెడ్డగా చెప్పుకుంటారు. కథ మొదట్లోనే ఆమె పోతుంది కానీ ఆమె మీద పడ్డ మాట పోదు. కొడుకు పెళ్ళి ప్రస్తావన వస్తే చాలు, తల్లి ప్రస్తావన వస్తుంది. ఆమె గతాన్ని బుచ్చిబాబు కథగా విప్పి చెప్పలేదు. సగంలో ఆగిన మాటలుగా, గుసగుసలుగా మన చెవిన వేశాడు. అంటే పాఠకుడికి తెలిసింది కూడా కొడుక్కి తెలిసినంతే! నవలలోని ఈ పనితనాన్ని ఈ అమ్మాయి ఒక అధ్యాయమంతా ఓపికగా చూపించింది. పుస్తకం మొత్తంలో నాకు బాగా నచ్చిన అధ్యాయం అది.

పిల్లల్ని నిర్లక్ష్యం చేయడమంటే మనకు పస్తులూ దెబ్బలే గుర్తొస్తాయి. దయానిధికి తిండికి లోటు లేదు, వైద్యం చదివించారు. లేనిదల్లా అతన్ని దగ్గర కూర్చోబెట్టుకుని, “ఇది నీ తప్పు కాదు నాయనా” అని చెప్పే పెద్దవాళ్ళు. ఇంట్లో ఎవరూ నోరు విప్పకపోతే పసివాడు కారణం తనలోనే వెతుక్కుంటాడు. తల్లిని అసహ్యించుకోలేడు, లోకాన్ని కాదనలేడు. తను చేయని పనికి తనే దోషినన్న భావం ఒంటికి పట్టిపోతుంది. తర్వాత ఏ స్త్రీ దగ్గరికి వెళ్ళినా ఆ తల్లి కొడుకుగానే వెళతాడు.

రాయలసీమ ఘట్టం మీద ఆమె రాసిన పేజీలు నేను రెండోసారి చదివాను. అనంతపురం ప్రాంతంలో అతనికి వజ్రం దొరుకుతుంది, ఆసుపత్రి కట్టిస్తాడు, రోగులకు సేవ చేస్తాడు. ఆ ఘట్టాన్ని నవలలో అతుకుగా భావించేవాళ్ళున్నారు. ఆమె వాదన వేరు. పుట్టిన ఊరు వదిలి, పేరూ డబ్బూ సంపాదించి, మంచి చేసి కడిగేసుకుందామనుకున్న మచ్చ అక్కడికీ వచ్చి అతన్ని పట్టుకుంటుంది. మంచితనంతో తీరే అప్పు కాదది, అతను చేసిన అప్పే కాదు కనక. ఈ మాట ఇంత స్పష్టంగా నేను మరొకచోట చదవలేదు.

తండ్రి దశరథరామయ్య విషయంలో మాత్రం నాకూ ఆమెకూ పొత్తు కుదరలేదు. నోరు విప్పలేదని ఆమె ఆయన్ని బోనులో నిలబెట్టింది. లోకానికి జడిసి భార్యను వీధిలోకి గెంటిన మగవాళ్ళు కొల్లలుగా ఉన్న కాలంలో, గెంటని మనిషి ఆయన. ఆ మౌనంలో కొంత దయ కూడా ఉందని నా నమ్మకం. కొడుక్కి ఆ దయ చేరలేదన్నంతవరకు ఆమెతో ఏకీభవిస్తాను. గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’తో పోల్చిన పేజీలు క్లుప్తంగా ఉన్నా బలంగా ఉన్నాయి. ఆ నవలా నాయకుడు సీతారామారావుకు తండ్రి వంశగౌరవాన్ని బరువుగా అప్పగిస్తే, దయానిధికి అప్పగింతలు చెప్పినవాళ్ళే లేరు. కోమలి మీద అధ్యాయం ఇంకా పెంచవలసింది. మలిముద్రణలో ఆ పని చేస్తుందని ఆశ.

ఒక పాత్ర పట్ల ఇంత ప్రేమ ఉండీ, ఎక్కడా అతని తప్పుల్ని మన్నించమని బతిమాలని విమర్శ ఇది. ‘చివరకు మిగిలేది’ చదవనివారు ముందు ఆ నవల చదవండి. చదివినవారు ఈ పుస్తకం పక్కన పెట్టుకుని మళ్ళీ చదవండి. ఇంట్లో పిల్లలున్నవారైతే ఇంకా తప్పకుండా చదవండి.