గోడపటములోని ఆకాశము

వాయుమండలమును అంతస్తుల మేడవలె చూపు పటము సైన్సు పుస్తకములలో తరచు కానవచ్చును. క్రింద ట్రోపో ఆవరణము, దానిపై స్ట్రాటో, మీసో, థర్మో ఆవరణములు; నడుమ బద్దతో గీసినట్లు తిన్నని గీతలు. వరుస జ్ఞాపకముంచుకొనుటకు ఇంతకంటె సులువైన సాధనము లేదు. ఆ మేలును నేను కాదనను. కాని దానిని కంఠస్థము చేసిన విద్యార్థి నిజమైన ఆకాశమును గూర్చి ప్రశ్న వేసినచో, పటమే అడ్డుపడుచున్నది.

మొదటి గీతనే చూడుడు. చాల పటములలో ట్రోపో ఆవరణపు పైహద్దు 11 లేక 12 కిలోమీటర్లవద్ద నుండును. అచట ఉష్ణోగ్రత సున్నకు దిగువ 56 డిగ్రీలని వ్రాసియుండును. ఇవి సమశీతోష్ణ దేశముల అంకెలు. 1902లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు టెసెరాం ద బోర్ పారిస్ సమీపమున బెలూనులు ఎగురవేసి ప్రకటించిన హద్దు ఇంచుమించు ఆ ఎత్తుననే యుండెను. ధ్రువములకడ అది 8, 9 కిలోమీటర్లకు దిగును. ఎండవేడికి గాలి బలముగా పైకి పొంగు మనవంటి ప్రాంతములలో 16, 17 కిలోమీటర్లకు ఎక్కును. మన గాలివాన మేఘములు 15 కిలోమీటర్లు మించుట కలదు. పటము ప్రకారమైతే అవి స్ట్రాటో ఆవరణములో తిరుగుచున్నట్లే! పైకి పోయినకొలది చల్లబడుటకు మనకడ ఎక్కువ దూరము దొరకును. కనుక నేలపై వేడిగల చోటనే ఈ హద్దువద్ద చలి మిక్కుటము, సున్నకు దిగువ 80 డిగ్రీల వరకు. ఇది వట్టి వింత కాదు. హైదరాబాదులోని టాటా మౌలిక పరిశోధన సంస్థవారి కేంద్రమునుండి లేచు పాలిథీను బెలూనులు ఈ చలిపొరను దాటవలయును. చల్లని దేశములలో చక్కగా పనిచేయు ప్లాస్టిక్కు ఇచట పెళుసై పగులవచ్చును. పటములోని అంకెను నమ్మి బెలూను కట్టినవాని గతి యేమి?

ఇక ఓజోను. 20, 25 కిలోమీటర్ల ఎత్తున నీలిపట్టీ గీసి, స్ట్రాటో ఆవరణము వేడెక్కుటకు అదే కారణమందురు. అట్లయిన అత్యధిక ఉష్ణోగ్రత 50 కిలోమీటర్లవద్ద ఏల? తెలివిగల పిల్లవాడు అడుగవలసిన ప్రశ్న ఇది. పటములో దీనికి జవాబు లేదు. అతినీలలోహిత కిరణములు పైనుండి దిగును గదా! ఓజోను కొలదిగానున్న పైభాగముననే వాటి శోషణము మొదలగును. అచట గాలి మిక్కిలి పలుచన, కొద్ది శక్తికే ఉష్ణోగ్రత చాల పెరుగును.

కొన్ని పుస్తకములు మీసో ఆవరణముపై అయనో ఆవరణమును మరియొక అంతస్తుగా నిలుపుచున్నవి. ఇది వీధులవారీగా ఊరిని లెక్కించుచు, నడుమ ‘పెంకుటిండ్లు’ అని ఒక వీధిని చేర్చినట్లున్నది. తక్కిన విభాగములు ఉష్ణోగ్రతనుబట్టి ఏర్పడినవి. ఇది విద్యుదావేశముగల కణములనుబట్టి. రేడియో తరంగములపై ప్రభావముచూపు దీని క్రింది పొర 60, 90 కిలోమీటర్ల మధ్య, అనగా మీసో ఆవరణములోనే యున్నది.

ఉపాధ్యాయులు మేడకు బదులు గ్రాఫు కాగితముపై ఎత్తు, ఉష్ణోగ్రతల వక్రరేఖను గీయింపవచ్చును. అది తగ్గి, పెరిగి, మరల తగ్గి, మరల పెరుగును. ఆ మూడు మలుపులకే ట్రోపోపాజ్, స్ట్రాటోపాజ్, మీసోపాజ్ అని పేర్లు.